గుర్తుచేసే పని ఎవరిది?

2003లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వైద్యులు ఒక లెక్క వేసి చూశారు. ఒక ఫ్యామిలీ డాక్టరు దగ్గర 2,500 మంది పేర్లు నమోదై ఉన్నాయనుకుందాం. వాళ్ళలో పసిపిల్లలుంటారు, గర్భిణులుంటారు, ముసలివాళ్ళుంటారు. ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్ళకి జబ్బు రాకముందే చేయాల్సిన పరీక్షలు, వేయాల్సిన టీకాలు, చెప్పాల్సిన జాగ్రత్తలు ఉంటాయి. వాటిలో గట్టి ఆధారం ఉన్నవాటినే తీసుకుని, అన్నీ ఆ డాక్టరే చేస్తే రోజుకి ఎంతసేపు పడుతుంది? 7.4 గంటలని తేలింది. అంటే జ్వరమని వచ్చినవాణ్ణీ, కడుపునొప్పని వచ్చినామెనూ ఒక్కరినీ చూడకుండానే డ్యూటీ అయిపోతుంది. 2022లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి లెక్కే మళ్ళీ వేస్తే నివారణ పనికే రోజుకి 14.1 గంటలు పట్టింది. మిగతా వైద్యమూ రాతకోతలూ కలిపితే 26.7 గంటలు. రోజుకి ఉన్నవి ఇరవై నాలుగే.

అందుకే డాక్టర్లు ఈ పని ఎందుకు చేయరని అడగడం కంటే, ఇంత పనిలోనూ కొంతైనా ఎలా చేస్తున్నారని అడగడం న్యాయం. మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి పావుగంటో ఇరవై నిమిషాలో దొరుకుతుంది. నొప్పి సంగతి మాట్లాడేసరికే ఆ టైము అయిపోతుంది. ఆయన వయసు యాభై మూడనీ, పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదనీ ఫైల్లో ఎక్కడో ఉంటుంది. దాని గురించి ఎత్తే తీరిక డాక్టరుకి ఉండదు, అడగాలన్న ఆలోచన పేషెంటుకి రాదు. నొప్పి ఉన్న జబ్బు తనను తానే గుర్తుచేసుకుంటుంది. బీపీ, కొలెస్ట్రాల్, మొదటి దశలో ఉన్న క్యాన్సర్ అలా గుర్తుచేయవు. 2003లోనే రాండ్ సంస్థ పన్నెండు అమెరికా నగరాల్లో చేసిన పెద్ద అధ్యయనం, జనానికి అందాల్సిన వైద్యంలో 55 శాతమే అందుతోందని చూపింది. నివారణ సేవల్లోనూ దాదాపు అంతే.

మరి గుర్తుచేసే పని ఎవరికి అప్పగించాలి? ఇరవై ఏళ్ళుగా అమెరికా ఇస్తున్న జవాబు పేషెంట్ పోర్టల్.

పోర్టల్ అంటే ఆసుపత్రి కంప్యూటర్లో ఉన్న మన రికార్డుని ఇంటి నుంచి పాస్‌వర్డ్ కొట్టి చూసుకునే ఏర్పాటు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి 2000లో పేషెంట్‌సైట్ పేరుతో ఒకటి మొదలుపెట్టింది. ఆ వెంటనే కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో మెడికల్ ఫౌండేషన్ ఎపిక్ కంపెనీ వాళ్ళ మైచార్ట్‌ని వాడుకలోకి తెచ్చింది. 2009లో వచ్చిన హైటెక్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించిన డాక్టర్లకి డబ్బులిచ్చింది. తర్వాతి దశలో, కనీసం 5 శాతం మంది పేషెంట్లు తమ రికార్డు తెరిచి చూడాలని షరతు పెట్టింది. ఐదు శాతమే కదా అనుకుంటాం. డాక్టర్లు గగ్గోలు పెట్టారు, పేషెంటు తెరవకపోతే మాదా తప్పు అని. 2015లో ప్రభుత్వం దిగొచ్చి ఆ షరతుని ‘కనీసం ఒక్క పేషెంటు’ దాకా తగ్గించింది. 5 శాతం కాదు, ఒక్కరు! పోర్టల్ పెట్టడం తేలికే కానీ జనం చేత తెరిపించడం ఎంత కష్టమో చెప్పడానికి ఈ ఒక్క సవరణ చాలు.

తెరవకపోవడానికి జనం బద్ధకం ఒక్కటే కారణం కాదు. తొలినాటి పోర్టళ్ళు బ్యాంకు పాస్‌బుక్ లాంటివి. ఎంత ఉంది, ఎంత పోయింది అన్నది కనిపిస్తుందే తప్ప ఏం చేయాలో చెప్పవు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 అని ఒక అంకె, పక్కన ఎర్ర గుర్తు. ఆ 148 మంచిదో చెడ్డదో, మందు వేసుకోవాలో తిండి మార్చుకోవాలో, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో ఏమీ ఉండదు. మందులు మళ్ళీ రాయించుకోవడానికీ అపాయింట్‌మెంట్ తీసుకోవడానికీ పోర్టల్ బాగానే పనికొచ్చేది. అంటే అప్పటికే జబ్బున్నవాళ్ళకి పనికొచ్చేది. బాగానే ఉన్నానని అనుకునేవాడికి దాన్ని తెరిచే అవసరమే కనబడలేదు.

వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీలో అలెక్స్ క్రిస్ట్, స్టీవెన్ వుల్ఫ్ అనే ఇద్దరు ఫ్యామిలీ మెడిసిన్ వైద్యులు సరిగ్గా ఈ లోపాన్ని పట్టుకున్నారు. నివారణకి పనికొచ్చే పోర్టల్ ఏమేం చేయాలో 2011లో ఒక వ్యాసంలో మెట్లుమెట్లుగా రాశారు. పేషెంటు చెప్పేది తీసుకోవాలి, డాక్టరు రికార్డులో ఉన్నది చూపించాలి. చాలా పోర్టళ్ళు ఈ రెండింటితోనే ఆగిపోతాయి. ఆపైన ఉన్నవే అసలైనవి: ఆ రికార్డుని మామూలు మాటల్లో విడమరిచి చెప్పాలి, ఈ మనిషికి ఈ వయసులో ఏం కావాలో వైద్య సిఫారసుల సూత్రాలతో పోల్చి సలహా ఇవ్వాలి, చివరికి ఆ పని జరిగేదాకా సాయం చేయాలి. దీన్ని కాగితం మీద వదిలేయకుండా ‘మై ప్రివెంటివ్ కేర్’ అనే పోర్టల్‌గా కట్టి, క్లినిక్కుల రికార్డులకి తగిలించారు.

అది ఎలా నడుస్తుందో ఒక ఊహా పేషెంటుతో చూద్దాం. యాభై రెండేళ్ళ ఆమె. లాగిన్ కాగానే ముందు కొన్ని ప్రశ్నలు వస్తాయి: సిగరెట్ అలవాటు ఉందా, వ్యాయామం ఎంత, అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, ఇంకెక్కడైనా ఏవైనా పరీక్షలు చేయించుకున్నారా. వీటిలో చాలావాటికి జవాబు డాక్టరు ఫైల్లో ఉండదు, ఆమెకే తెలుసు. తర్వాత పోర్టల్ ఫైల్లోంచి ఆమె బీపీ, కొలెస్ట్రాల్, చివరి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తేదీ తీసుకుంటుంది. రెండింటినీ కలిపి, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ సిఫారసులతో సరిచూస్తుంది. ఇది 1984లో ఏర్పడిన నిపుణుల సంఘం. ఏ పరీక్షకి ఎంత ఆధారం ఉందో చూసి ఎ, బి, సి, డి అని గ్రేడ్లు ఇస్తుంది. చివరికి ఆమెకి కనబడేది అంకెల పట్టిక కాదు. మీకు ఈ పరీక్ష బాకీ ఉంది, ఎందుకంటే ఇదీ కారణం, చేయించుకుంటే లాభం ఇది, ఇబ్బంది ఇది, వచ్చేసారి డాక్టరుని ఇవి అడగండి అన్న ధోరణిలో ఉంటుంది. ఆమె చూసిన దాని సారాంశం డాక్టరుకీ వెళుతుంది. గదిలోకి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా ఒకే జాబితా ఉంటుంది.

ఇలా సిఫారసుల సూత్రాలు ఒకేచోట ఉండటంలో ఇంకో సుళువు ఉంది. 2021 మేలో టాస్క్ ఫోర్స్ పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి దించింది. 2024లో మామోగ్రామ్ నలభైకే మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి, 74 దాకా చేయించుకోమంది. ఇలాంటప్పుడు వేలమంది డాక్టర్లు పాత అలవాటు మార్చుకునేదాకా ఆగనక్కర్లేదు. పోర్టల్లో ఒక్క నియమం మారిస్తే, తెల్లారేసరికి నలభై ఆరేళ్ళ వాళ్ళందరి జాబితాలోకీ కొత్త పరీక్ష వచ్చి చేరుతుంది.

ఇంతకీ ఇది పనిచేసిందా? క్రిస్ట్ బృందం వర్జీనియాలోని ఎనిమిది ప్రైమరీ కేర్ క్లినిక్కుల్లో 4,500 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేసింది. సగం మందికి పోర్టల్ వాడమని ఉత్తరం వెళ్ళింది, మిగతా సగానికి వెళ్ళలేదు. (ఇంటర్నెట్ పోర్టల్ గురించి చెప్పడానికి పోస్టులో కాగితం ఉత్తరం పంపాల్సి రావడం చూసి నవ్వొస్తుంది. కానీ అందరికీ చేరేది అదొక్కటే.) 16 నెలల తర్వాత చూస్తే, ఉత్తరం అందుకున్నవాళ్ళలో పోర్టల్ వాడినవాళ్ళు 16.8 శాతం. వాడినవాళ్ళలో నూటికి 25 మంది తమకు కావాల్సిన నివారణ సేవలన్నీ పూర్తి చేసుకుని ఉన్నారు. వాడనివాళ్ళలో అందులో సగం మందే అలా ఉన్నారు. మొదటి నాలుగు నెలల్లోనే పోర్టల్ వాడినవాళ్ళలో పెద్దపేగు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు వరసగా 19, 15, 13 శాతం పెరిగాయి.

2012లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు ‘రెట్టింపు’ అన్న మాట అందరినీ ఆకర్షించింది. ఇక్కడే పాఠకుడు కాస్త ఆగాలి. పోర్టల్ తెరిచిన మనిషి, తెరవని మనిషి ఒక్కలాంటి వాళ్ళా? ఉత్తరం వచ్చిన వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చేవాడు, పోర్టల్ లేకపోయినా కొన్ని పరీక్షలు చేయించుకునే రకమే. ఆ శ్రద్ధ ఫలాన్ని పోర్టల్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. నిజాయితీగా పోల్చాలంటే ఉత్తరం అందినవాళ్ళందరినీ, వాడినా వాడకపోయినా, ఉత్తరం అందనివాళ్ళందరితో పోల్చాలి. అలా పోలిస్తే అన్ని సేవలూ పూర్తయినవాళ్ళు ఉత్తరం అందిన వర్గంలో 11.4 శాతం నుంచి 15.2కి చేరారు, రెండో వర్గంలో 11.1 నుంచి 12.6కి. తేడా 2.3 శాతం పాయింట్లు. ఆ రెట్టింపూ ఈ రెండుంబావూ ఒకే ప్రయోగంలోంచి వచ్చిన అంకెలే. నా దృష్టిలో పుస్తకంలో ఎక్కాల్సింది రెండోది.

మొదట్లో నూటికి 11 మందే అన్ని సేవలూ అందుకుని ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోకూడదు. వీళ్ళకి డాక్టరున్నాడు, క్లినిక్కులో కంప్యూటర్ రికార్డులూ ఉన్నాయి. అయినా తొమ్మిది మందిలో ఎనిమిది మందికి ఏదో ఒకటి బాకీ.

మిగతా ప్రయోగాలు కొన్ని ఈ చిన్న అంకెనే బలపరిచాయి. బోస్టన్ ప్రాంతంలో పద్నాలుగు ఆరోగ్య కేంద్రాల్లో పెద్దపేగు పరీక్ష బాకీ ఉన్న 1,103 మందిని తీసుకుని, ఒక వర్గానికి పోర్టల్ ద్వారా మెసేజ్ పంపారు. నెల తిరిగేసరికి వాళ్ళలో 8.3 శాతం మంది చేయించుకున్నారు, మెసేజ్ అందనివాళ్ళలో 0.2 శాతమే. అద్భుతం అనుకునేలోపు నాలుగు నెలలు గడిచాయి, అంకెలు 15.8, 13.1 అయ్యాయి. ఆ కాస్త తేడా యాదృచ్ఛికం కాదని ఇక గట్టిగా చెప్పలేం. ఎలాగూ చేయించుకునేవాళ్ళు మెసేజ్ చూసి కాస్త ముందుగా చేయించుకున్నారు, అంతే. 2018–19 ఫ్లూ కాలంలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ 52 క్లినిక్కుల్లో 1,64,205 మందితో ఇంకా పెద్ద ప్రయోగం చేసింది. పోర్టల్లో గుర్తుచేయనివాళ్ళలో టీకా వేయించుకున్నది 37.5 శాతం. ఒకసారి గుర్తుచేస్తే 38.0, రెండుసార్లయితే 38.2, మూడుసార్లయినా 38.2. మూడో మెసేజ్‌తో ఒరిగిందేమీ లేదన్నమాట.

అన్నీ ఇలాగే లేవు. బోస్టన్‌లోనే ఇంకో ఆసుపత్రుల సముదాయం తన పోర్టల్లో బాకీ పరీక్షలు చూపిస్తే మామోగ్రామ్‌లు ఆ అవకాశం లేనివాళ్ళ 29.5 శాతంతో పోలిస్తే 48.6 శాతం దాకా జరిగాయి. ఫ్లూ టీకా 14 శాతానికి బదులు 22. కొలెస్ట్రాల్, ఎముకల సాంద్రత, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఇది: ‘మీకు టీకా బాకీ’ అన్న ఒక్క వాక్యం మతిమరుపుకి మందు. వద్దనుకున్నవాడికీ, భయపడేవాడికీ, సెలవు దొరకనివాడికీ అది మందు కాదు. పెద్దపేగు లోపల గొట్టంతో చూసే కొలనోస్కోపీ అంటే ముందురోజు పేగులు ఖాళీ చేసుకోవాలి, పని మానుకోవాలి, తిరిగి ఇంటికి తీసుకెళ్ళడానికి మనిషి కావాలి. ఇంత తతంగం ఉన్నదాన్ని మెసేజ్ ఒక్కటే ఎలా జరిపిస్తుంది? అదే ఇంటి దగ్గరే చేసుకునే మలపరీక్ష కిట్ పంపిస్తామని, లేదా ఇక్కడే నొక్కి టైము బుక్ చేసుకోండని ఉంటే దారి కొంత దగ్గరవుతుంది. క్రిస్ట్, వుల్ఫ్ చెప్పిన చివరి మెట్టు ఇదే. పోర్టళ్ళు కట్టేవాళ్ళు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

వర్జీనియా క్లినిక్కులు తర్వాత ఇంకో పని చేశాయి. ఉత్తరాల మీద ఆధారపడకుండా, పోర్టల్‌ని తమ రోజువారీ పనిలో కలుపుకున్నాయి. 31 నెలల్లో పేషెంట్లలో నాలుగో వంతుకు పైగా, 25.6 శాతం మంది దాన్ని వాడారు. ముసలివాళ్ళకి కంప్యూటర్ రాదన్న మన నమ్మకాన్ని ఈ అధ్యయనం కొట్టేసింది. అరవైల్లో ఉన్నవాళ్ళూ ఒకటికి రెండు జబ్బులున్నవాళ్ళూ ఎక్కువగా వాడారు. నల్లజాతివాళ్ళూ లాటినోలూ మాత్రం తక్కువ వాడారు. ఇది చిన్న విషయం కాదు. ఇప్పటికే పరీక్షలు తక్కువగా అందుతున్నవాళ్ళకి పోర్టల్ కూడా తక్కువగానే అందితే, ఆరోగ్యంలో ఉన్న అంతరం పోర్టల్ వల్లే పెరుగుతుంది.

రికార్డు తప్పయితే పోర్టల్ చెప్పేదీ తప్పే. గర్భసంచి తీసేయించుకున్న ఆమెకి పాప్ స్మియర్ బాకీ అని ఏటా గుర్తుచేస్తుంది, ఎందుకంటే ఆపరేషన్ ఇంకో ఆసుపత్రిలో జరిగింది, ఆ కాగితం ఇక్కడికి రాలేదు. రెండేళ్ళ కిందట కొలనోస్కోపీ చేయించుకున్నాయనకి మళ్ళీ చేయించుకోమంటుంది. ఇలాంటివి రెండుసార్లు వస్తే మూడోసారి వచ్చిన నిజమైన హెచ్చరికని కూడా మనిషి తోసేస్తాడు. ఇంకోవైపు డాక్టర్ల ఇన్‌బాక్స్ పొంగిపోతోంది. కోవిడ్ మొదలయ్యాక పేషెంట్ల నుంచి వచ్చే మెసేజ్‌లు అంతకుముందుకన్నా సగానికి పైగా పెరిగాయి. 2022 చివర్లో క్లీవ్‌లాండ్ క్లినిక్ కొన్ని రకాల మెసేజ్ జవాబులకి బిల్లు వేయడం మొదలుపెట్టింది. డాక్టరు టైము మిగల్చడానికి వచ్చిన పోర్టల్ ఆ టైమునే తినేస్తోందన్న ఫిర్యాదులో నిజముంది. బాకీ జాబితా చూసి ఫోన్ చేయడం, కిట్ పంపడం, పాత తేదీలు సరిచేయడం నర్సులూ ఫ్రంట్ డెస్క్ వాళ్ళూ చేయగల పనులు. వాటికి మనుషుల్ని పెట్టకుండా పోర్టల్ ఒక్కటే పెట్టిన క్లినిక్కు డబ్బు దండగ చేసుకున్నట్టే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ గుర్తుచేసే పని ఇంకో రకంగా జరుగుతోంది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పొగాకు, నడుము కొలత, కుటుంబంలో జబ్బులు అడిగి ఫారంలో మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా పరీక్షకి రమ్మంటుంది. వర్జీనియా పోర్టల్ లాగిన్ అయ్యాక అడిగే ప్రశ్నలకీ వీటికీ పోలిక చాలానే ఉంది. 2021 నుంచి దేశమంతటా ఇస్తున్న 14 అంకెల ఆభా నంబరుతో రికార్డులు ఒకచోట చేర్చాలన్నది ఆలోచన. ఆ రికార్డు మనిషికి ఏం బాకీ ఉందో తెలుగులో చెప్పగలిగిన రోజున దానికి విలువ. అప్పటిదాకా ఆశా అడిగే నాలుగు ప్రశ్నలే మన పోర్టల్.

ఈ పుస్తకం చదువుతున్నవాళ్ళలో అమెరికాలో ఉన్నవాళ్ళుంటారు. ఈ ప్రయోగం జరిగిన వర్జీనియాలోనే, రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో తెలుగు కుటుంబాలు కొల్లలు. మీ ఫోన్లో ఏదో ఒక పోర్టల్ ఉండే ఉంటుంది. రక్తపరీక్ష రిపోర్టు కోసం తప్ప దాన్ని తెరిచి ఉండరు. ఈసారి తెరిచినప్పుడు నివారణ సేవల పేజీకి వెళ్ళి చూడండి. నాన్నకి షుగరు, పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ అన్న సంగతులు అందులో ఉండవు, మీరే ఎక్కించాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేయించుకున్న టీకాలు, చేయించుకున్న పరీక్షలు ఉంటే ఆ కాగితాల ఫోటో పంపండి. షుగరు విషయంలో ఇంకో మాట. టాస్క్ ఫోర్స్ 35 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉండి బరువెక్కువున్నవాళ్ళకి పరీక్ష చేయమంటుంది, బరువెక్కువ అనడానికి మామూలు గీత బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు కొలత) 25. ఆసియావాళ్ళకి 23 దగ్గరే ఆలోచించమని అదే సిఫారసులో ఉంది. పోర్టల్లో మీ జాతి వివరం ఖాళీగా ఉంటే 24 ఉన్న మీరు దాని లెక్కలో భేషుగ్గా ఉన్నట్టే. కాబట్టి డాక్టరుని మీరే అడగండి. ఖర్చు గురించి వెనకాడకండి. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, టాస్క్ ఫోర్స్ ఎ, బి గ్రేడ్లు ఇచ్చిన సేవలకి చాలా ఇన్సూరెన్సు ప్లాన్లు తమ నెట్‌వర్క్ డాక్టరు దగ్గర కోపే తీసుకోకూడదు.